ఆఫ్రికా ఆర్థికచరిత్ర: లెక్కకు వచ్చినవారు, రానివారు

ఆర్థికచరిత్ర వ్రాయదలచినవానికి ముందుగా కావలసినవి లెక్కలు. ఏ యేట నెంత పంట పండెను, ఏ రేవునుండి యెంత సరకు వెడలెను, కూలివానికి దినమున కెంత ముట్టెను, ఊరిలో నెన్ని గడపలుండెను అను ప్రశ్నలకు సమాధానము దొరకనిచో, ఒక దేశము కాలక్రమమున భాగ్యవంతమయ్యెనో దరిద్రమయ్యెనో నిర్ణయించుట దుష్కరము. ఐరోపాఖండమున క్రైస్తవాలయముల జనన మరణ పట్టికలును, మఠముల జమాఖర్చులును, పట్టణముల సుంకపు పుస్తకములును అనేక శతాబ్దములనుండి నిలిచియున్నవి. భారతదేశమున దేవాలయ శాసనములు, తామ్రపత్రములు, కవిలెకట్టలు కలవు. సహారా యెడారికి దక్షిణముననున్న ఆఫ్రికాదేశములలో నిట్టివి మిక్కిలి తక్కువ. ఈ కొఱతను పురస్కరించుకొనియే 1963లో హ్యూ ట్రెవర్-రోపర్ అను ఆంగ్ల చరిత్రాచార్యుడు, ఆఫ్రికాలో ఐరోపావారు నడపిన చరిత్ర తప్ప వేఱొకటి లేదనియు, తక్కినదంతయు చీకటియే యనియు ఉపన్యసించెను.

ఆ మాట తరువాతి పరిశోధనమున నిలువలేదు. లెక్కలు లేవనుట సగము సత్యము మాత్రమే. లెక్కలు కలవు, కాని యవి వ్రాసినవారి యవసరమునకై వ్రాయబడినవి. సుంకరి సుంకము పడు సరకును వ్రాసెను. బానిసలను గొన్న వర్తకుడు ఓడలోని తలలను వ్రాసెను. పాలకుడు పన్ను కట్టగల పురుషులను వ్రాసెను. తన పొలమున తాను పండించి, తన సంతలో తానమ్ముకొన్న స్త్రీని వ్రాయవలసిన యవసర మెవ్వరికిని కలుగలేదు. కావున నొక లెక్క చేతికి వచ్చినప్పుడు, అందలి యంకెను గైకొనుటకు ముందు, ఇది యెవరికొఱకు వ్రాయబడినది, దీనియందు కనబడనివా రెవరు అని విచారించుట ఈ ఖండపు ఆర్థికచరిత్రకు ప్రథమసోపానము. ఈ విచారణ చేయక ముందుకు సాగినవారు వెయ్యేండ్ల చరిత్రను రెండంకెలలో ముగించిరి. చేసినవారికి ఆ ఖండము ఏకరూపమైన దారిద్ర్యము కాదనియు, అనేకమార్లు వృద్ధి పొంది అనేకమార్లు దెబ్బతిన్న భూమి యనియు తెలియవచ్చెను. ఉదాహరణములు ముఖ్యముగా పశ్చిమాఫ్రికానుండి గైకొని ఈ విషయమిందు నిరూపింపబడుచున్నది.

అరబ్బు గ్రంథకర్తలు

పశ్చిమాఫ్రికా రాజ్యములను గూర్చి వ్రాతమూలకమైన తొలి యాధారములు అరబ్బీ భాషలోనివి. అందు ముఖ్యమైనది 1068లో అల్-బక్రీ రచించిన భూగోళగ్రంథము. ఇతడు స్పెయినుదేశపు కార్డోవానగరమున నివసించినవాడు. ఆఫ్రికా యెడారిని దాటినవాడు కాడు. వర్తకులు చెప్పినదానిని, పూర్వగ్రంథములలో నున్నదానిని కూర్చెను. ఘనారాజు తన రాజ్యములోనికి వచ్చు ప్రతి గాడిదమోపు ఉప్పునకు ఒక బంగారు దీనారమును, బయటికి పోవుదానికి రెండు దీనారములను సుంకముగా గొనుచుండెనని యితడు వ్రాసెను. బంగారపు ముద్దలు రాజునకు చెందుననియు, పొడి ప్రజలకు విడువబడుననియు, అట్లు చేయనిచో బంగారము వెల పడిపోవుననియు చెప్పెను. (ఈ ఘనారాజ్యము నేటి ఘనాదేశము కాదు, నేటి మారిటేనియా, మాలీదేశముల సరిహద్దున నుండినది.)

ఈ రెండు వాక్యములనుండి గ్రహింపవలసిన దెంతయో కలదు. సరకు వచ్చునప్పుడొక విధముగను పోవునప్పుడొక విధముగను పన్ను వేయగల రాజ్యమునకు దారులపై కావలి యుండవలెను. మోపులను లెక్కించు నధికారులుండవలెను. బంగారపు రాశి పెరిగిన వెల తగ్గునను నెఱుక రాజనీతిలో భాగమై యుండవలెను. ఐనను అల్-బక్రీకి తెలిసినది వర్తకులకు తెలిసినది మాత్రమే. ఉప్పు, బంగారము, రాగి అతని గ్రంథమున మెఱయుచున్నవి. జొన్నలు, సజ్జలు పండించి ఆ రాజధానిని పోషించిన కర్షకుడు దాదాపుగా కనబడడు. తరువాతి చరిత్రకారులలో పలువురు దీనిని గమనింపక, పశ్చిమాఫ్రికా ఆర్థికచరిత్ర యనగా ఎడారిని దాటిన వర్తకమే యనునట్లు వ్రాసిరి. ఆ దోషము దేశముది కాదు, సాక్షి నిలిచిన చోటిది.

మాలీ చక్రవర్తియగు మన్సా మూసా 1324లో మక్కాయాత్రకై కైరోనగరముమీదుగా పోయినప్పుడు పంచిన బంగారమువలన అచ్చటి బంగారము వెల తగ్గిన వృత్తాంతమును అల్-ఉమరీ వ్రాసెను. అంతకుముందు మిస్కాలు బంగారమునకు 25 దిర్హములకు తగ్గని వెల యుండగా, పిమ్మట 22 దిర్హములకు మించలేదనియు, ఆ స్థితి సుమారు పండ్రెండేండ్లు సాగెననియు అతని కథనము. ఈ కథ లోకప్రసిద్ధము. కాని యిది కైరో విపణినిగూర్చిన సాక్ష్యము. మాలీలో సామాన్యుని సంపదను గూర్చినది కాదు. రాజు ధనవంతుడగుట వేఱు, దేశము సంపన్నమగుట వేఱు.

గవ్వల నాణెము

ఈ సందర్భమున హిందూమహాసముద్రమునకును పశ్చిమాఫ్రికాకును గల యొక ప్రాచీనసంబంధమును గమనింపవలెను. మాల్దీవు ద్వీపములలో దొరకు గవ్వలు వంగదేశమునందువలెనే నైజరునదీ ప్రాంతమునను నాణెముగా చెల్లుచుండెను. ఈ రెండు తావులను కన్నులార చూచి వ్రాసిన యాత్రికుడు ఇబ్ను బతూతా. అతడు 1343-44లో మాల్దీవులలో ఖాజీగా నుండెను. 1352-53లో మాలీదేశమును దర్శించెను. మాల్దీవులలో నొక బంగారు దీనారమునకు 4 లక్షల గవ్వలు సామాన్యమైన మారకమనియు, ఒక్కొక్కప్పు డింకను ఎక్కువ వచ్చుననియు, మాలీలోను గావోలోను దీనారమునకు 1,150 గవ్వలే వచ్చుననియు అతడు చెప్పెను. వెలలో దాదాపు 350 రెట్ల యంతరము. సముద్రమును, ఎడారిని దాటిన ప్రయాణపు వ్యయమును, దారిలోని వర్తకుల లాభమును ఆ యంతరమున నిమిడియున్నవి. ఒక్క మనుష్యుడు రెండు కొసలను చూచుటవలన నిట్టి గణన సాధ్యమయ్యెను.

తెలుగున ‘చిల్లిగవ్వ’ యనగా చెల్లని నాణెము. దహోమీ రాజ్యమున దీనికి విరుద్ధముగా గవ్వలకు చిల్లులు పొడిచి, నలుబదింటినొక దండగా గ్రుచ్చి చెల్లించుచుండిరి. ఒకే వస్తువు ఒక దేశమున లోపముచే త్రోసివేయబడి, వేఱొక దేశమున ఆ లోపముచేతనే లెక్కకు సులభమై చెల్లెను. నాణెమునకు విలువ నిచ్చునది ద్రవ్యము కాదు, సమయాచారము అను సూత్రమున కింతకంటె చక్కని దృష్టాంతము దుర్లభము.

పదునెనిమిదవ శతాబ్దమున డచ్చివారును ఇంగ్లీషువారును ఓడలలో వందలకోట్ల గవ్వలను పశ్చిమాఫ్రికా తీరమునకు చేర్చిరి. వానికి ప్రతిగా మనుష్యులను గొనిరి. జాన్ హోగెండోర్న్, మేరియన్ జాన్సన్ అను పండితులు 1986లో ప్రకటించిన గ్రంథము ఈ వర్తకమును సాంగముగా నిరూపించినది. గవ్వలతోపాటు భారతదేశపు నూలువస్త్రములును ఆ తీరమునకు పోయెను. కోరమాండలతీరమున నేయబడి ఐరోపా కంపెనీలచే కొనబడిన బట్టలలో నొక రకమునకు ‘గినీబట్ట’ యను పేరే ఆఫ్రికాలోని గినీతీరమువలన కలిగెను. పుదుచ్చేరినుండి పోయిన నీలిమందు అద్దకపు బట్ట సెనెగలునదీ ప్రాంతమున తుమ్మబంక వర్తకమునకు కొలమానమై, నాణెమువలె చెల్లుచుండెను. తూర్పుతీరపు సాలెవాడు తన బట్ట యెచ్చటికి పోవునో యెఱుగడు. దానిని కట్టినవారు అది యెవరు నేసిరో యెఱుగరు. ఇరువురిని ఎఱిగిన లెక్క కంపెనీ పుస్తకమున నుండెను. ఆ పుస్తకమునం దిరువురి పేరును లేదు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున 1845 మొదలు జర్మను వర్తకులు జాంజిబారు ప్రాంతపు గవ్వలను, మాల్దీవు గవ్వలకంటె పెద్దవియు చవుకయు నగువానిని, తాటినూనె కొనుటకై మితిమీఱ దింపిరి. (ఇచ్చట తాటినూనె యనగా ఆఫ్రికాదేశపు నూనెతాటి పండ్లనుండి తీయునది.) నాణెము వెల క్రమముగా కూలెను. గవ్వలలో ధనము దాచుకొన్నవాడు ఏ దొంగయు రాకుండగనే దరిద్రుడయ్యెను. ఐరోపా రేవుల పుస్తకములలో నిది ‘గవ్వల యెగుమతి వృద్ధి’గా కనబడును. ఆఫ్రికా సంతలోని ధరలను చూచినగాని యది నష్టమని తెలియదు.

ఇట్టి సంతను చూచి వ్రాసినవారిలో హైన్రిఖ్ బార్త్ అగ్రగణ్యుడు. ఈ జర్మనుపండితుడు 1851లో హౌసాదేశపు కానోనగరమును దర్శించి, అచ్చట నేసి, అద్ది, బయటి దేశముల కమ్ముబడు బట్టల విలువ యేటికి తక్కువలో తక్కువ 30 కోట్ల గవ్వలుండునని యంచనా వేసెను. 50 వేలనుండి 60 వేలవఱకు గవ్వలున్నచో నొక కుటుంబము సంవత్సరము సుఖముగా జీవింపవచ్చునని కూడ చెప్పెను. ఈ రెంటిని కలిపి భాగించినచో, బయటికి పోవు బట్టల విలువ అయిదారువేల కుటుంబముల సంవత్సరపోషణకు సరిపోవునని తేలును. ఐరోపానుండి బట్టలు వచ్చుటతోడనే ఆఫ్రికా నేతపని నశించెనని రేవుల లెక్కలనుబట్టి తలచువారికి బార్త్ చూచిన కానో సమాధానము. రేవులో దిగిన బట్ట లెక్కకు వచ్చినది. కానోలో నేసిన బట్ట లెక్కకు రాలేదు. అంతమాత్రమున రెండవది లేకపోలేదు.

ఓడల పద్దులు

అట్లాంటికు సముద్రముమీదుగా సాగిన బానిసల వర్తకమునకు సంబంధించిన లెక్కలు మిగిలిన యే విషయమునకును లేనంత విరివిగా నున్నవి. ఏలయన, ప్రతి తలయు వర్తకునకు మూలధనము. 1969కి పూర్వము గ్రంథములలో 150 లక్షలని, అంతకుమించి యని అంకెలు ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు ఆధారము విచారింపకయే యెక్కుచుండెను. ఫిలిప్ కర్టిన్ ఆ యేట ప్రకటించిన గ్రంథమున ఆ యంకెల పుట్టుకను వెదకి, వానికి మూలము బలహీనమని చూపి, అమెరికా తీరములకు చేరినవారు సుమారు 95 లక్షలని నిర్ణయించెను. పిమ్మట డేవిడ్ ఎల్టిస్ ప్రభృతులు అనేకదేశముల దస్తావేజులను సమకూర్చి, 1999లో మొదటిమాఱు ప్రకటించి, తరువాత పెంచిన పట్టికయందు సుమారు 36 వేల ఓడప్రయాణములు చేరినవి. దానినిబట్టి ఆఫ్రికాలో ఓడ యెక్కింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలు. దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. నడుమనున్న 18 లక్షలమంది సముద్రమధ్యమున మృతిచెందినవారు.

ఇంతటి పట్టికయు తీరమునుండియే మొదలగును. దేశాంతర్భాగమున పట్టువడినప్పుడు చచ్చినవారు, గొలుసులతో నడచుచు దారిలో కూలినవారు, దాడిలో కాలిన యూళ్లవారు దీనిలో లేరు. వారి మరణము ఓడయజమానికి నష్టము కాదు గనుక వ్రాయబడలేదు. సహారామీదుగను, ఎఱ్ఱసముద్రము, హిందూమహాసముద్రముల మీదుగను కొనిపోబడినవారికి ఇట్టి ఓడపద్దులే లేవు. అందుచేత వారి సంఖ్య యంచనాలలో పెద్ద యంతరములున్నవి. లెక్క బాగుగా నున్న దుఃఖము చరిత్రలో పెద్దదిగను, లెక్కలేని దుఃఖము చిన్నదిగను కనబడు ప్రమాదము కలదు.

2008లో నేథన్ నన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఓడల లెక్కలను, అమెరికాలోని పత్రములయందు బానిసల జాతినామములను కలిపి, ఏ ప్రాంతమునుండి యెందఱు పోయిరో నిర్ణయించి, ఎక్కువమంది కొనిపోబడిన దేశములే నేడు ఎక్కువ దరిద్రముగా నున్నవని నిరూపింపజూచెను. ఆ పరిశోధనము గొప్ప శ్రమఫలము. కాని ఈ విధమైన వాదములనుగూర్చి గారెత్ ఆస్టిన్ ఆ యేటనే హెచ్చరించెను: ప్రాచీనమైన యొక కారణమును, నేటి యొక ఫలమును ప్రక్కప్రక్కన నుంచి గీతగీసినచో, నడుమ జరిగినదంతయు ‘చరిత్రను అదిమిపెట్టుట’ యగును. బానిసవర్తకమునకును నేటికిని నడుమ తాటినూనె వర్తకము, వలసపాలన, కోకో తోటలు, స్వాతంత్ర్యము, అప్పులు, యుద్ధములు గడచినవి. రెండు శాసనములు దొరికినంతమాత్రమున వానినడుమ రాజవంశము అవిచ్ఛిన్నముగా నుండెనని చెప్పుట శాసనపరిశోధకు లంగీకరింపరు. ఆర్థికచరిత్రయందును అదే న్యాయము.

పాలకుల పుస్తకములు

బ్రిటిషు వలసరాజ్యములలో ప్రతియేటను లండనుకు పంపబడిన ‘నీలిపుస్తకములు’ ఎగుమతులు, దిగుమతులు, జీతములు, పన్నులు విరివిగా తెలుపును. వీనియందు గోల్డుకోస్టు (నేటి ఘనా) కోకో చరిత్ర ఆశ్చర్యకరము. 1879లో టెట్టే క్వార్షీ అను కమ్మరి ఫెర్నాండోపో ద్వీపమునుండి కోకోగింజలను తెచ్చినట్లు ప్రసిద్ధి. 1891లో ఎగుమతియైనది 80 పౌనులు. 1911లో సుమారు 40 వేల టన్నులు. ఆ యేటితో గోల్డుకోస్టు ప్రపంచమున ప్రథమస్థానమునకు వచ్చెను. ఇరువదేండ్లలో నిది సంభవించెను.

ఈ యంకెను చూచిన పాలకులు, చిన్నచిన్న రైతులు తమతమ గ్రామములలో పెరటితోటలవలె వేసినదాని ఫలమిదియని తలచిరి. రేవు లెక్కలో రైతు కనబడడు గనుక ఊహ ఆ ఖాళీని నింపినది. పాలీ హిల్ అను విదుషి పొలములకు పోయి, హద్దుల పటములను పరీక్షించి, ముదుసలి రైతులను ప్రశ్నించి, 1963లో వేఱు సత్యమును ప్రకటించెను. అక్వాపిమ్ కొండప్రాంతపు వారు స్వస్థలములు విడిచి, పశ్చిమమున అడవిభూములను వెలయిచ్చి కొని, పదిమంది కూడి సంఘములుగా నేర్పడి భూమిని పంచుకొని, తొలితోట లాభముతో రెండవ తోటను కొనుచు ముందుకు సాగిరి. వీరు పెరటిరైతులు కారు, మూలధనము పెట్టి దూరదృష్టితో వ్యవహరించిన వ్యవసాయవర్తకులు. ఈమెయే తరువాత కర్ణాటకదేశపు గ్రామములకు వచ్చి, హౌసాదేశపు మెట్టరైతులను కన్నడదేశపు మెట్టరైతులతో పోల్చుచు 1982లో మఱియొక గ్రంథము రచించెను. ‘ఆఫ్రికా రైతు’ అని యొక్క సామాన్యనామముచే చెప్పబడువారిలో ధనికులు, బీదలు, అప్పిచ్చువారు, అప్పుగొనువారు ఉండిరని ఆమె కృషి చూపినది.

నీలిపుస్తకములలోని కూలిధరలను, తిండిగింజల ధరలను కలిపి ఎవౌట్ ఫ్రాంకెమా, మార్లూస్ వాన్ వాయెన్‌బర్గ్ అనువారు 2012లో ప్రకటించిన పరిశోధనము మఱియొక దురభిప్రాయమును తొలగించెను. 1880 మొదలు 1965 వఱకు గల కాలమున పశ్చిమాఫ్రికా పట్టణములలో కూలివాని నిజవేతనము కుటుంబపోషణకు చాలినదానికంటె హెచ్చుగా నుండి, ఆసియాలోని ముఖ్యనగరముల కూలికంటె మెఱుగుగా నుండెనని వారి నిర్ణయము. తూర్పు ఆఫ్రికాలో నంత మేలు లేదు. ఆఫ్రికా దారిద్ర్యము అనాదిసిద్ధమనువారు దీనికి సమాధానము చెప్పవలెను. ఐనను ఇచ్చటను సాక్షి నిలిచిన చోటు మఱవరాదు. జీతపు పట్టిలోనికి వచ్చినవారు పురుషులు, పట్టణమువారు, ప్రభుత్వపు పనివారు. జనులలో అత్యధికులు జీతగాండ్రు కారు.

జీతపు పట్టిలో లేనివారిని గూర్చి తెలిసికొనుటకు కొందఱు శరీరమునే సాక్షిగా గొనిరి. బాల్యమున తిండి చాలినవాడు పొడవుగా పెరుగును, చాలనివాడు పొట్టియగును. సైన్యమున చేరినవారి యెత్తును కొలిచి వ్రాసిన పుస్తకములను అలెగ్జాండర్ మొరాడి పరీక్షించి, కెన్యాలో వలసపాలనము ఎంత కఠినమైనను, తరువాతి తరములవారి పోషణ మెఱుగుపడెనని 2009లో నిరూపించెను. సైన్యాధికారి కొలిచినది బలాఢ్యుని నేర్చుకొనుటకు. పరిశోధకుడు దానియందు తల్లి పెట్టిన కూటిని చదివెను. ఇట్లు వ్రాసినవాని యుద్దేశమునకు వెలుపలి సత్యమును రాబట్టుట ఈ శాస్త్రమునందలి నేర్పు. ఈ సాక్ష్యమునకును హద్దు కలదు: స్త్రీల యెత్తును ఏ సైన్యాధికారియు కొలువలేదు.

జనసంఖ్య

తలసరి ఆదాయము, తలసరి పంట అను మాటలన్నిటికి మూలము తలల సంఖ్య. అదియే ఆఫ్రికాలో నన్నిటికంటె బలహీనమైన యంకె. 1926లో ఆగ్నేయ నైజీరియాలో పురుషులను లెక్కించిరి; 1928లో వారిమీద పన్ను పడెను. 1929 నవంబరులో ఓలోకో గ్రామమున న్వాన్యెరువా అను స్త్రీ నూనె తీయుచుండగా, లెక్కవ్రాయువాడు వచ్చి మనుష్యులను, మేకలను, గొఱ్ఱెలను లెక్కించుమని యడిగెను. ఆమె దాని యర్థమును వెంటనే గ్రహించెను. లెక్క ముందు వచ్చును, పన్ను వెనుక వచ్చును. వార్త సంతలవెంట పాకి వేలకొలది స్త్రీలు కూడిరి. ప్రభుత్వసైనికులు కాల్పులు జరుపగా ఏబదిమందికి పైగా స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. 1931 జనగణనమున ఆ ప్రాంతమున ఇంటింట లెక్క జరుగలేదు. ఇతరప్రాంతములలో మిడుతలదండు గణనాధికారులను వేఱు పనికి మరల్చెను.

ఇందొక విశేషము కలదు. 1930లో నియమింపబడిన విచారణసంఘము ఎదుట ఆ స్త్రీలు చెప్పిన సాక్ష్యము అక్షరరూపమున నిలిచినది. తాటినూనె వెల తగ్గుట, కొను సరకుల వెల పెరుగుట, భర్తల పన్నునకు తామే సొమ్ము సమకూర్చవలసివచ్చుట అందు కలదు. లెక్కకు లొంగనివారి మాటలవలన తెలిసినది, లొంగినవారి యంకెలవలన తెలిసినదానికంటె మిన్నయైనది. జనగణనపుస్తకమున నొక ఖాళీగా మిగిలిన యేడు, విచారణపుస్తకమున పశ్చిమాఫ్రికా స్త్రీల గృహార్థికమునకు ముఖ్యాధారమయ్యెను.

పూర్వకాలపు జనసంఖ్య తెలియనిచో తెలిసిన కాలమునుండి వెనుకకు లెక్కించుట యొక పద్ధతి. పాట్రిక్ మానింగ్ అను పండితుడు 1850 నాటి ఆఫ్రికా జనసంఖ్యను నిర్ణయించుటకై భారతదేశపు జనగణనలలోని వృద్ధిని ఆధారముగా గొని, ప్రాంతభేదముల ననుసరించి సవరించెను. ఆఫ్రికాలో లెక్కలు లేని కాలమునకు భారతదేశపు లెక్కలను అరువు తెచ్చుట యిది. ఆ భారతీయపు అంకెలలో నేమున్నదో తెలుగువారికి తెలియును: 1876-78 నాటి ధాతకరవున రాయలసీమయందును, చెన్నరాజధానిలోని ఇతర మండలములయందును ఆకలిచే చచ్చినవారి మరణము ఆ దశాబ్దపు వృద్ధిరేటును క్రుంగదీసెను. ఫ్రాంకెమా, మోర్టెన్ యెర్వెన్ అనువారు 2014లో దీనిని ఆక్షేపించి, భూమి విస్తారముగను జనము పలుచగను ఉండిన ఆఫ్రికాకు ఆగ్నేయాసియా దేశముల వృద్ధి సరియైన ఉపమానమనియు, అట్లు గణించినచో 1850 నాటి సంఖ్య మానింగ్ చెప్పినదానికంటె తక్కువగుననియు వాదించిరి. ఉపమానము మాఱిన ఫలము మాఱును. బళ్లారి, కడప మండలముల కరవు, ఎన్నడును చూడని నైజరుతీరపు జనసంఖ్యలో నీడవలె నిలుచుట ఈ పద్ధతిలోని ప్రమాదమును తెలుపుచున్నది.

స్వతంత్రరాజ్యముల లెక్కలు

స్వాతంత్ర్యానంతరమును ఈ చిక్కు తొలగలేదు. నైజీరియాలో 1962 జనగణనము వివాదముచే రద్దయ్యెను. 1963లో మరల లెక్కించి 5 కోట్ల 56 లక్షలనిరి. 1973 గణనము కూడ రద్దయ్యెను. శాసనసభలోని స్థానములును, ప్రభుత్వధనమును జనసంఖ్యనుబట్టి పంచబడుటచే ప్రతిప్రాంతమును తన సంఖ్యను పెంచజూచెను. 1991లో లెక్కించగా సుమారు 8 కోట్ల 90 లక్షలు తేలెను. అంతకుముందు అంతర్జాతీయ గ్రంథములలో 11 కోట్లకు పైగా ఊహింపబడి యుండెను. వలసకాలమున పన్నునకు వెఱచి జనులు దాగిరి. స్వతంత్రకాలమున వాటాకై హెచ్చిరి. అంకె రెండు కాలములందును రాజకీయమే.

జాతీయాదాయపు లెక్కయు నట్టిదే. 2010 నవంబరులో ఘనాప్రభుత్వము ఆధారవత్సరమును 1993నుండి 2006నకు మార్చగా, దేశాదాయము ఒక్కనాటిలో సుమారు నూటికి 60 వంతులు పెరిగెను. 2014 ఏప్రిలులో నైజీరియా అట్లే చేయగా నూటికి 89 వంతులు పెరిగి, దక్షిణాఫ్రికాను మించిన ఆర్థికరాజ్యమయ్యెను. ఆ దినమున నొక గింజయైనను అధికముగా పండలేదు. పూర్వపు పట్టికలో చోటులేని చేతి టెలిఫోనులు, చలనచిత్రములు మొదలగు నూతన వృత్తులు లెక్కలోనికి వచ్చినవి. యెర్వెన్ 2013లో ప్రకటించిన గ్రంథమున ఈ యంకెల దౌర్బల్యమును విపులముగా చర్చించెను. ఐనను ఇట్టి యంకెలనుబట్టియే ఋణములు ఇయ్యబడుచున్నవి, రాజ్యనీతులు నిర్ణయింపబడుచున్నవి, పాఠ్యపుస్తకములలో దేశములకు తారతమ్యము కట్టబడుచున్నది.

నోటిమాట

లెక్కకు రానివారికి మిగిలిన సాక్ష్యము ముఖ్యముగా నోటిమాట. బెల్జియముదేశపు యాన్ వాన్సీనా 1961లో ప్రకటించిన గ్రంథమున, పరంపరాగతమైన నోటికథయు దస్తావేజువలెనే పరీక్షకు నిలువగలదనియు, చెప్పినవా డెవడు, ఎవరినుండి వినెను, ఆ కథవలన నెవరికి లాభము అను ప్రశ్నలచే దానిని శోధింపవచ్చుననియు స్థాపించెను. తెలుగుదేశమున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగువారు మెకంజీదొరకై సేకరించిన కైఫీయతులను పరిశీలించినవారికి ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. ఇనాముహక్కును నిలుపుకొనుటకై చెప్పబడిన స్థలచరిత్రలో నేది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అని నిర్ణయించునప్పుడు పండితులు అనుసరించు వివేకమే అక్కడను కావలెను.

నోటిమాటకు సంవత్సరములు ఉండవు, మొత్తములు ఉండవు. దానితో జాతీయాదాయమును కట్టుట సాధ్యము కాదు. కాని పాలీ హిల్ చూపినట్లు, అంకె వెనుకనున్న మనుష్యు డేమి చేసెనో చెప్పగలది అదియే. అంకెకు నోటిమాట అర్థమిచ్చును. నోటిమాటకు అంకె హద్దునిచ్చును.

ఇంతవఱకు చెప్పినదానివలన తేలు విషయ మిది. ఆఫ్రికాఖండము చిరకాలము నిశ్చలమైన దారిద్ర్యమున నుండినదను మాటకు ఆధారము లేదు. ఉప్పు సుంకమును విధించిన ఘనా, బట్టలు నేసి ఎగుమతిచేసిన కానో, ఇరువదేండ్లలో కోకోరాజ్యమైన గోల్డుకోస్టు, ఆసియా కూలికంటె మెఱుగైన వేతనమెఱిగిన పశ్చిమాఫ్రికా పట్టణములు వృద్ధికి సాక్షులు. బానిసవర్తకము, నాణెపు పతనము, పన్నుల భారము, నూనెవెల తగ్గుట దెబ్బలకు సాక్షులు. ఈ వృద్ధులు ఏల నిలువలేదను ప్రశ్నయే అసలైన ఆర్థికచరిత్ర. వృద్ధియే లేదన్నవానికి ఆ ప్రశ్న పుట్టదు. దానిని విచారించుటకు దొరకిన యంకెలను త్రోసిపుచ్చవలసిన పనిలేదు, పూజింపవలసిన పనియు లేదు. వ్రాసినవానిని, వ్రాయించినవానిని, వ్రాతకు వెలుపల నిలిచినవానిని కలిపి చదివినప్పుడే ఆ యంకె ప్రమాణమగును. ఓలోకో గ్రామమున నూనె తీయుచుండిన స్త్రీకి ఈ భేదము శాస్త్రగ్రంథముల సహాయము లేకయే తెలిసియుండెను.